ఆఖరి మెట్టు మీద పిలుపు

పడవలు నీళ్ళలోకి దిగకముందే ఆవిడ రేకుల షెడ్డు తాళం తీసి, ముందురోజు సందర్శకులు విప్పి పడేసిన లైఫ్ జాకెట్లన్నీ కుప్ప పోసుకుని కూర్చునేది. తెగిన బెల్టులు, ఊడిన బకిల్సు, పిల్లలు పళ్ళతో కొరికేసిన అంచులు. ఒక్కొక్కటీ తిప్పి చూసి, కుట్టాల్సింది కుట్టి, తడిసినవి తీగ మీద ఆరేసేది. అందరూ ఆవిణ్ణి జాకెట్లావిడ అనేవాళ్ళు. ఆ పేరు విని, కొత్తగా ఆ వైపు కాపురానికొచ్చిన ఆడవాళ్ళు గుడ్డముక్కలు పట్టుకుని కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు.

"ఈ జాకెట్లు వేరమ్మా, మునిగిపోకుండా వేసుకునేవి," అని ఆవిడ గొణిగేది. గొణగడమంటే నిజంగా గొణగడమే. దగ్గరికొచ్చి చెవి ఒగ్గితే తప్ప వినపడేది కాదు.

అలా గొణగడానికి కారణం ఉంది. ఆవిడ మాట నిలబడేది.

ఇచ్చిన మాట తప్పదని కాదు. ఎక్కడ అంటే అక్కడే, గాల్లో, తను వెళ్ళిపోయాక కూడా నిలబడి ఉండేది. ఆ చోటులోంచి ఎవరు నడిచినా అదే గొంతుతో, అదే వేడితో వినపడేది. ఊరికే అన్న మాటైతే పాలు చల్లారేలోపు పోయేది. మనసు పెట్టి అన్నదైతే కొన్ని వారాలుండేది. కోపంతో అన్నదైతే ఇక చెప్పక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో వంటింటి గుమ్మం దగ్గర "నేనేమన్నా మనిషిని కానా?" అని ఒకసారి అంది. ఆ వానలు వెళ్ళి ఎండలు ముదిరేదాకా గుమ్మం దాటిన ప్రతివాళ్ళనీ ఆ మాట అడుగుతూనే ఉంది. గ్యాసు బండ తెచ్చే అతను "ఎందుక్కాదమ్మా" అని జవాబు చెప్పి మరీ లోపలికి వచ్చేవాడు.

అప్పట్నుంచి ఆవిడ గొంతు దించేసింది. గొణిగితే మాట నిలబడదు. మొగుణ్ణి పిలవాలన్నా నోరు తెరిచేది కాదు, గరిటెతో గిన్నె మీద టకటకా కొట్టేది. చెల్లెలితో ఫోన్లో మాట్లాడాలంటే మాత్రం రోడ్డెక్కేది. నడుస్తూ మాట్లాడితే మాటలు ఒక్కచోట పోగుపడవు కదా. వెనక నడిచేవాళ్ళకి ఒక కరెంటు స్తంభం దగ్గర "మా ఆయనకేం," ఇంకో స్తంభం దగ్గర "రాయిలాగా కూర్చుంటారు," మలుపులో "నా ఖర్మ" అని ముక్కలుముక్కలుగా వినపడేవి. ఎవరూ వింతపడేవాళ్ళు కాదు. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, కొందరు నిద్రలో మాట్లాడతారు, ఈవిడకిది. ఆసుపత్రి నర్సు అప్పుడప్పుడూ ఆవిణ్ణి బతిమాలి తీసుకెళ్ళి వార్డు తలుపు దగ్గర "మెల్లగా వెయ్యండి" అనిపించుకునేది కూడా.

ఆవిడ భర్త అక్కడే పడవ నడిపేవాడు. పడవాయన అంటే ఆ ఒడ్డున తెలియనివాళ్ళు లేరు. జలాశయం చాలా పెద్దది. నడిమధ్య చిన్న దిబ్బ, దాని మీద పక్షులు. పక్షుల్ని చూడ్డానికి జనం వచ్చేవాళ్ళు. నీళ్ళలో మొసళ్ళున్నాయి. అక్కడ పుట్టిపెరిగినవాళ్ళెవరూ మోకాలు తడిసేదాకా దిగరు. వచ్చేపోయేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి నీళ్ళంటే ఫొటో వెనకాల నీలంగా కనపడేది, అంతే.

వాళ్ళ కోసం బోర్డు పెట్టారు. పెట్టినప్పుడు అది ఒడ్డున పొడినేల మీదే ఉంది. తర్వాత ఆనకట్ట ఎత్తు పెంచారు, నీళ్ళు పైకొచ్చాయి, బోర్డు ఉన్నచోటే ఉండిపోయింది. ఇప్పుడు మెట్ల వరస నీళ్ళలో కలిసేచోటుకి రెండు బారల దూరంలో, గుంజ సగం మునిగి నిలబడి ఉంటుంది. పైన ఒక బొమ్మ. గీసినప్పుడు మొసలే. ఎండకి ఆకుపచ్చ వెలిసిపోయి, పళ్ళు చెరిగిపోయి, ఇప్పుడది నవ్వుతున్న తొండలాగా ఉంది. పిల్లలు దానికి టాటా చెబుతారు. కింద చీమల బారులాంటి అక్షరాలతో ఇలా ఉంది: "ఈ జలాశయమునందు వన్యప్రాణులు సంచరించుచుండును. సందర్శకులు తగు జాగ్రత్త వహించవలెను."

మెట్ల పైనుంచి చూస్తే బోర్డుందని తెలుస్తుంది. ఏం రాసుందో మాత్రం తెలియదు.

ఆ సంవత్సరం ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒక కొత్త జంట పడవ ఎక్కింది. ఆ అబ్బాయి దారి పొడుగునా పడవాయన్ని ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. ఆ పక్షి పేరేంటి, ఈ ఇంజను ఏ కంపెనీది, నీళ్ళ లోతెంత. ఆ అమ్మాయి నవ్వుతూ అతని మోచెయ్యి లాగుతూనే ఉంది, పాపం ఆయన్ని వదిలెయ్యండి అన్నట్టుగా. తిరిగొచ్చి మెట్ల దగ్గర దిగారు. ఆ అమ్మాయి పైకెక్కి, వెనక్కి తిరిగి ఫోన్లో ఫొటోలు చూసుకుంటోంది. అతను మళ్ళీ కిందికి దిగాడు. ఆఖరి మెట్టు మీద వంగి నిలబడ్డాడు.

నీళ్ళు ఒక్కసారి లేచి పడ్డాయి. ఆ అమ్మాయి తలెత్తేసరికి మెట్టు ఖాళీగా, తడిగా ఉంది.

పడవలన్నీ వెతికాయి. సాయంత్రానికి దొరికాడు. పడవాయనే ఒడ్డుకి తెచ్చాడు.

ఆ మర్నాడే పై ఆఫీసు నుంచి ఒక గుమాస్తా వచ్చి పడవాయన్ని అడిగాడు. "అక్కడ హెచ్చరిక బోర్డు ఉందా?"

"ఉంది."

"ఆ రోజు కూడా ఉందా?"

"ఉంది."

అంతే, గుమాస్తా వెళ్ళిపోయాడు. బోర్డున్నా లెక్కచెయ్యకుండా నీళ్ళలోకి దిగాడని పేపర్లో వచ్చింది. ఫొటోల పిచ్చి అన్నారు చదివినవాళ్ళు. భార్యే దిగమని ఉంటుంది, ఈ కాలం పిల్లలు ఇంతే, అన్నారు ఇంకొందరు. టీ కొట్టు దగ్గర ఆ మాట విని పడవాయన గ్లాసు సగంలోనే కింద పెట్టేసి లేచాడు.

అప్పట్నుంచి ఆయన కుదురుగా కూర్చున్నది లేదు. రాయిలాగా కూర్చునే మనిషి కాస్తా కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచేవాడు. చెప్పులు వేసుకునేవాడు, గేటుదాకా వెళ్ళేవాడు, తిరిగొచ్చి విప్పేవాడు, మళ్ళీ వేసుకునేవాడు. జాకెట్లావిడకి సూది గుచ్చుకోవడం ఎక్కువైంది. కుట్టిన బెల్టే మళ్ళీ కుట్టేది. ఆయన పడవ ఒడ్డుకి వచ్చే చప్పుడు వినేదాకా ఆవిడ చెయ్యి ఆడేది కాదు, విన్నాక ఆగేది కాదు.

ఒకరోజు పొద్దున్నే, ఆయన చెప్పులు నాలుగోసారో అయిదోసారో విప్పుతుంటే, ఆవిడ వెళ్ళి ఆ చెప్పుల మీద తన కాలు పెట్టి నిలబడింది. ఏంటన్నట్టు కళ్ళెగరేసింది.

ఆయన కాసేపు ఆ కాలి వంకే చూశాడు.

"ఆ కుర్రాడు ఫొటోకి దిగలేదే."

ఆవిడ కదల్లేదు.

"నేను తాడు కడుతున్నా. నా పక్కనుంచే దిగాడు. ఆ బోర్డు మీద ఏదో రాసుంది, చదివొస్తా అని పెళ్ళాంతో చెప్పి దిగాడు. చదవడానికే దిగాడు." ఆయన గేటు వైపు తిరిగాడు. "ఉందా అని అడిగాడా గుమాస్తా. ఉందన్నా. అబద్ధం కాదుగా, ఉంది. అక్కణ్ణుంచి కనపడుతుందా అని అడగలేదు వాడు. అడక్కపోయినా నేను చెప్పాల్సింది. మన పడవల మేనేజరు పక్కనే ఉన్నాడు. నా నోరు పెగల్లేదు."

"ఇప్పుడు చెప్పండి," అని ఆవిడ ఆయన చెవిలో గొణిగింది.

"ఎవరికి? ఆ పిల్లనేమో అందరూ కలిసి ఆడిపోసుకుంటున్నారు. అత్తగారు మొహం కూడా చూడట్లేదట. నేనిక్కడ పడవ నడుపుకుంటూ కూర్చున్నా."

ఆవిడ చెప్పుల మీంచి కాలు తీసింది. ఆయన వాటిని వేసుకుని వెళ్ళిపోయాడు.

మేనేజరుకి వేరే బెంగ పట్టుకుంది. పై నుంచి పెద్ద విచారణ పడింది. అసలే జనం తగ్గారు. ఒక మధ్యాహ్నం షెడ్డుకి వచ్చి జాకెట్ల మధ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మంచివాడే కానీ, ఎవరి దగ్గర ఉంటే వాళ్ళలాగా మాట్లాడే మనిషి.

"అమ్మా, మీరొక సాయం చెయ్యాలి. ఆ మెట్ల దగ్గర ఒక మాట నిలబెట్టండి. బోర్డు చూడనివాళ్ళకి వినపడుతుంది."

ఆవిడ తల ఊపింది. చాలా రోజుల తర్వాత మొహంలో కాస్త వెలుగు కూడా వచ్చింది. "మొసలి ఉంది, దిగొద్దు అంటాను," అని గొణిగింది.

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "అయ్యయ్యో, మొసలి అనకండమ్మా! పిల్లలతో వస్తారు, జడుసుకుంటారు. మర్నాటి నుంచి ఒక్కరు రారు. కాస్త తియ్యగా, దయచేసి నీటికి కొద్ది దూరంలో ఉండి ప్రకృతి అందాలను ఆస్వాదించండి... ఇలా."

"అలా మేం మాట్లాడుకోమండి."

"మీరు మాట్లాడుకోకపోతే ఏం, వచ్చేవాళ్ళు చదువుకున్నవాళ్ళు."

ఆవిడ వెళ్ళి, మెట్ల మీద నిలబడి, మేనేజరు చెప్పినట్టే గొంతు పెంచి అంది. మాట అయితే నిలబడింది. ఎండ వాలేలోపే అడుగూబొడుగూ లేకుండా పోయింది. "ఆస్వాదించండి" ఒక్కటే ఇంకాసేపు వేలాడి అదీ పోయింది. మర్నాడు మళ్ళీ అనిపించాడు. అదీ అంతే.

"మనసు పెట్టి అనట్లేదమ్మా మీరు," అన్నాడు మేనేజరు నొచ్చుకుంటూ.

"మనసు పెట్టడానికి అందులో ఏముందండి?" అంది ఆవిడ. ఈసారి గొణగడం మరిచిపోయి మామూలుగానే అంది. ఆ ప్రశ్న ఆ మధ్యాహ్నమంతా ఆఫీసు గది ముందు నిలబడింది. మేనేజరు వెనక తలుపులోంచి రాకపోకలు సాగించాడు.

పోనీ బోర్డైనా తీసి పైన పాతండి అని పడవాయన అడిగాడు. విచారణ అయ్యేదాకా దేన్నీ కదపకూడదు అన్నాడు మేనేజరు. ఈలోపు ఇంకెవరైనా దిగితే? తాడు కట్టిద్దాం అన్నాడు. తాడు రాలేదు. ఆదివారం రెండు బస్సుల జనం దిగారు. బోర్డు మీద తొండ నవ్వుతోంది. ఒక చిన్నపిల్ల దానికి టాటా చెబుతూ మెట్లు దిగబోతే పడవాయన పరుగెత్తి రెక్క పట్టుకుని లాగాడు. ఆ పిల్ల తండ్రి ఆయన మీద ఇంతెత్తున లేచాడు, మా పిల్ల మీద చెయ్యి వెయ్యడానికి నువ్వెవరివయ్యా అని.

మర్నాడు పొద్దున ఆయన గునపం, మోకు తీసుకుని బయల్దేరాడు. ఇంట్లో చెప్పలేదు. జాకెట్లావిడ షెడ్డు తాళం తీస్తూ ఎందుకో మెట్ల వైపు చూసింది. ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలో, బోర్డు గుంజని రెండు చేతులతో కావలించుకుని ఊపుతున్నాడు. గుంజ వంగుతోంది కానీ ఊడట్లేదు.

అన్నాళ్ళ తిరుగుడూ ఆ గుంజ మీదే చూపిస్తున్నాడు ఆ మనిషి. ఊపుతున్నాడు, తిడుతున్నాడు, మళ్ళీ ఊపుతున్నాడు.

ఆవిడ పరుగెత్తింది. తాళంచెవులు ఎక్కడ పడ్డాయో తెలియదు. మెట్లన్నీ దిగి ఆఖరి మెట్టు మీదికి వచ్చేసరికి, దిబ్బ వైపు నీళ్ళు నునుపుగా, గాలి లేకుండానే, ఒక గీతలాగా చీలుకుంటూ రావడం కనపడింది. గిన్నె లేదు, గరిటె లేదు. కొట్టడానికి ఏమీ లేదు.

"ఏవండీ! వెనక్కి రండి!"

ఆ గొంతు తనకుందని ఆవిడకే తెలియదు. పుట్టి బుద్ధెరిగాక మింగిన మాటలన్నీ దాని వెనక తోసుకొచ్చినట్టు వచ్చింది. దిబ్బ మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. పడవాయన ఏంటి, ఎందుకని ఆలోచించలేదు. ఎవరు పిలిచారో కూడా చూడలేదు. గుంజ వదిలేసి వెనక్కి తిరిగి, రెండు అంగల్లో మెట్టు మీద బోర్లా పడ్డాడు. ఆయన వెనకాల నీళ్ళు బద్దలయ్యాయి. గుంజకి ఏదో తగిలి బోర్డు పక్కకి ఒరిగింది. తర్వాత నీళ్ళు ఏమీ ఎరగనట్టు సర్దుకున్నాయి.

ఆయన మోకాళ్ళు చీరుకుపోయాయి. ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని పైమెట్టు దాకా ఈడ్చుకొచ్చి, అక్కడ కూలబడి, వీపు మీద రెండు గుద్దులు గుద్దింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆయన ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వేనా పిలిచింది?" అన్నాడు.

ఆవిడ తల ఊపింది.

"ఇంత గొంతు పెట్టుకునా ఆ గిన్నెలు వాయించావు ఇన్నాళ్ళూ?"

ఆ పిలుపు ఆఖరి మెట్టు మీద నిలబడిపోయింది.

ఆ రోజు నుంచి అక్కడ కొత్త సంగతి మొదలైంది. ఎవరు ఆ మెట్టు మీద కాలు పెట్టినా, ఏదీ చదవక్కర్లేకుండా, అర్థం చేసుకోనక్కర్లేకుండా, ఠక్కున వెనక్కి తిరిగి పైకి వచ్చేసేవాళ్ళు. మగవాళ్ళయితే సరే సరి. ఎంతటివాడైనా "వస్తున్నా, వస్తున్నా" అంటూ మెట్లెక్కి, పైన నిలబడ్డ భార్యని "ఏంటి పిలిచావు?" అని అడిగేవాడు. నేనెప్పుడు పిలిచాను అనేది ఆవిడ. పెళ్ళికానివాళ్ళు కూడా తిరిగేవాళ్ళు. ఆడవాళ్ళు, తమ వెనకాల ఎవరో తమనే మర్యాదగా పిలిచారనుకుని ఆగిపోయేవాళ్ళు. ముసలాయనొకడు, భార్య పోయి చాలా ఏళ్ళయినవాడు, తిరిగి చూసి, పైకొచ్చి, మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు. టీ కొట్టు దగ్గరికి వినపడినప్పుడల్లా టీ కాచే అతను కూడా ఒకసారి తలతిప్పి, నాలిక్కరుచుకుని, మళ్ళీ టీ తిప్పుకునేవాడు.

"ఇది ఎప్పుడు పోతుందమ్మా?" అని మేనేజరు అడిగాడు, భయంగా.

"తెలియదండి. ఎప్పుడూ ఇంత గట్టిగా అరవలేదు," అంది ఆవిడ. గొణక్కుండానే.

విచారణ రోజు వచ్చింది. విచారణ చెయ్యడానికి వచ్చినావిడ మాటలు పొదుపుగా వాడే మనిషి. లావుపాటి కళ్ళద్దాలు. ఎవరు కుర్చీ వేసినా కూర్చోకుండా నేరుగా మెట్ల దగ్గరికి నడిచింది. అంతకుముందే ఒక కారు వచ్చి చెట్టు కింద ఆగింది. అందులోంచి ఆ అమ్మాయి, వాళ్ళ అత్తగారు దిగారు. ఇద్దరూ చెరో తలుపులోంచి దిగి, చెరో వైపు చూస్తూ నిలబడ్డారు. కారు వెనక సీటు నిండా ఆ అమ్మాయి సామాను. పెట్టెలు, దిండ్లు, అద్దం కూడా. విచారణ అవగానే ఆ అమ్మాయిని అటునుంచి అటే పుట్టింట్లో దింపేసి వెళ్ళడానికి అత్తగారు అన్నీ సర్దించి తెచ్చింది. దారిలో ఒక్క మాట లేదని డ్రైవరు టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఇంట్లో అన్న మాట మాత్రం అందరికీ తెలుసు. నువ్వు ఫోన్లోంచి తలెత్తి ఒక్కసారి పిలిచుంటే నా కొడుకు వెనక్కి వచ్చేవాడు అని.

"బోర్డు అదిగో మేడమ్," అన్నాడు మేనేజరు. "కాస్త ఒరిగింది కానీ, ఉన్నచోటే ఉంది. ఎవరూ కదపలేదు."

"ఏం రాసుంది?"

మేనేజరు గడగడా అప్పజెప్పాడు.

"మీకు కంఠతా వచ్చు. నన్ను చదవనివ్వండి." ఆవిడ ఒక మెట్టు దిగింది. కళ్ళద్దాలు సర్దుకుంది. "ఇక్కణ్ణుంచి బొమ్మ కనపడుతోంది. ఏంటది, తొండా?"

"మొసలి మేడమ్."

"ఓహో." ఇంకో మెట్టు దిగింది. ఇంకొకటి. అందరూ పైనుంచి చూస్తున్నారు. "ఇక్కణ్ణుంచి గీతలున్నాయని తెలుస్తోంది. అక్షరాలు తెలియట్లేదు." ఇంకో మెట్టు. "ఈ... జలా... తర్వాతది ఆనట్లేదు."

పడవాయన రెండడుగులు ముందుకేశాడు. జాకెట్లావిడ ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

విచారణకొచ్చినావిడ ఆఖరి మెట్టు మీదికి దిగింది. నడుం వంచి, మెడ ముందుకు చాచి, వేలితో గాల్లో అక్షరాలు కూడుకుంటూ చదవడం మొదలుపెట్టింది. "ఈ జలాశయమునందు వన్య..."

"ఏవండీ! వెనక్కి రండి!"

ఆవిడ గభాల్న వెనక్కి తిరిగి, పడబోయి, పైమెట్టు మీద కూలబడింది. కళ్ళద్దాలు ముక్కు చివరికొచ్చాయి. పైన నిలబడ్డవాళ్ళంతా కూడా తలలు తిప్పారు.  నీళ్ళు మెట్టుకి తగిలి వెనక్కి పోతున్నాయి.

ఆవిడ లేచి, చీర దులుపుకుని, తను నిలబడ్డ మెట్టు వంక చూసింది. అందాకా అడుగు మెట్టు నుంచి నీళ్ళు ఎంత దూరమో ఆవిడ చూడలేదు. చూస్తే దూరమే లేదు.

పైకొచ్చి ఆ అమ్మాయిని అడిగింది. "మీవారు ఎందుకు దిగారమ్మా?"

"ఏం రాసుందో చదివొస్తానన్నారండి." ఆ అమ్మాయి ఆ మాట అప్పటికి ఎంతమందికి చెప్పిందో, గొంతులో ఆశ ఏమీ లేకుండా చెప్పింది.

"ఎవరైనా విన్నారా?"

"నేను విన్నానండి," అన్నాడు పడవాయన. జనంలోంచి ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తుండు నులుముతున్నాడు. "చదివొస్తానని దిగాడు. ఫొటోకి కాదు. ఈ అమ్మాయి దిగమనలేదు."

"మరి మొదట్లో చెప్పలేదేం?"

"బోర్డుందా అని అడిగారు. ఉందన్నాను. అక్కడితో ఆగిపోయాను. ఆగకుండా ఉండాల్సింది."

మేనేజరు ఏదో అనబోయాడు. విచారణకొచ్చినావిడ అతని వైపు కోపంగా చూడలేదు, అలసటగా చూసింది. "చదవాలంటే మొసలి నోటి దాకా వెళ్ళాల్సిన బోర్డుని ఏమంటారో మీరే చెప్పండి," అంది. "నన్ను ఆపింది ఆ బోర్డు కాదుగా. తప్పు దిగినతనిది కాదు, ఈ అమ్మాయిది అసలే కాదు. అదే రాస్తాను."

ఆ మాటలు జరుగుతుండగానే అత్తగారు ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగడం మొదలుపెట్టింది. పడవాయన పరుగున వెళ్ళి ఆవిడ వెనకే దిగాడు, చెయ్యి అందేంత దూరంలో. ఆవిడ ఆఖరి మెట్టు మీద నిలబడింది. బోర్డు వైపు చూసింది. పెదాలు కదిలాయి, చదువుతున్నట్టు.

"ఏవండీ! వెనక్కి రండి!"

ఆవిడ తిరిగింది. ఒక మెట్టు పైకెక్కి, అక్కడే నిలబడిపోయింది. తిరగడమూ ఎక్కడమూ తను చెయ్యాలనుకోకుండానే జరిగిపోయాయి. ఆవిడ మొహంలో అది మెల్లగా దిగడం పడవాయన చూశాడు. పిలిచుంటే వచ్చేవాడే. కానీ ఏం చూసి పిలుస్తుంది? మొసలుందని ఆ పిల్లకి ఎవరు చెప్పారు?

పైకొచ్చాక ఆవిడ ఎవరితోనూ కాదన్నట్టు అంది. "వాడంతే. ఏది కనపడితే అది చదవాలి. మందు సీసాలు, సబ్బు కవర్లు, లారీల వెనక రాతలు. ఏదైనా కొనుక్కొస్తే చుట్టిన కాగితం సాపు చేసి చదివేదాకా నన్ను పారెయ్యనిచ్చేవాడు కాదు. చిన్నప్పట్నుంచీ అంతే." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకు తెలుసు కదా వాడి సంగతి. నేనెందుకు నమ్మలేదు ఈ పిల్లని?"

 జాకెట్లావిడ పక్కనే ఉంది, జవాబు చెప్పగలిగిన గొంతుతో. అయినా ఊరుకుంది.

ఎండ ఎక్కింది. విచారణకొచ్చినావిడ, మేనేజరు ఆఫీసు వైపు వెళ్ళారు. డ్రైవరు టీ గ్లాసు కడిగిచ్చి వచ్చి కారు తలుపు తీసి నిలబడ్డాడు. "అమ్మగారూ, మరి ఎటు పోనివ్వమంటారు?"

అత్తగారు వెనక సీటులోని పెట్టెల వైపు చూసింది, ఆ అమ్మాయి వైపు చూసింది. కొన్నాళ్ళుగా ఆవిడ ఆ మొహాన్ని నేరుగా చూడలేదు. పిల్ల బాగా చిక్కిపోయింది.

"నన్నడగకు," అంది డ్రైవరుతో. "తను ఎటంటే అటు. వాళ్ళమ్మ దగ్గరికా, మనింటికా, ఇంకెక్కడికైనా సరే. నేను దింపి వస్తాను, లేదా నాతో తీసుకెళతాను. తనిష్టం."

ఆ అమ్మాయి చెప్పు కొనతో మట్టిలో ఏదో గీసి, చెరిపేసింది. తర్వాత తలెత్తి టీ కొట్టు వైపు చూసింది.

"ఎటనేది తర్వాత చూద్దాం అత్తయ్యా," అంది. "ముందు కాస్త టీ తాగుదాం. పొద్దుట్నుంచి మీరూ ఏమీ తీసుకోలేదు."